చెవులు వినపడవని మానేయమంటున్నారు, మెరిసే అలారం అడగొచ్చా?

ప్రశ్న: ప్రైవేటు ఫ్యాక్టరీలో ప్రెస్ ఆపరేటర్‌ని. ఏళ్ల తరబడి ఆ మోతలో పనిచేసి రెండు చెవులూ బాగా మందగించాయి. సైరన్, ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినపడవు కాబట్టి ప్రమాదమని, రాజీనామా ఇస్తే లెక్క తేల్చి పంపేస్తామని హెచ్ఆర్ వాళ్లంటున్నారు. లైటుతో తెలిసే అలారం పెడితే నేను పనిచేయగలను. అడిగే హక్కు నాకుందా?

జవాబు: ఉంది. ముందు ఆ రాజీనామా మీద సంతకం పెట్టకండి. పెట్టాక బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే బాధ్యత మీ మీద పడుతుంది. అది తేలిక కాదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం, యాజమాన్యానికి మోయలేని భారం కాని సర్దుబాటును, అంటే వైకల్యం ఉన్నవారు పనిచేయగలిగేలా చేసే మార్పును, నిరాకరించడం కూడా వివక్షే. ఒక్కొక్కరి అవసరాన్ని విడివిడిగా చూడాలని, 40 శాతం వైకల్యం లేదన్న సాకుతో సర్దుబాటు కాదనకూడదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

అందుకే మీ లేఖలో 'నా ఉద్యోగం తీసేయకండి' అని బతిమాలొద్దు. ఎక్కడ ఏ పరికరం కావాలో రాయండి. ప్రెస్ దగ్గర నిలబడితే కంటికి ఆనేచోట, సైరన్‌తో పాటే మెరిసే దీపం. ఫోర్క్‌లిఫ్ట్ వస్తుంటే ముందుగా నేల మీద నీలి వెలుగు పడే లైటు. వెనక్కి తిరిగి ఉన్నా తెలిసేలా మణికట్టుకు వైబ్రేటింగ్ పేజర్. ఇంకొకటుంది: ప్రెస్ చప్పుడు తేడాగా వస్తే డైలో (లోహాన్ని నొక్కే అచ్చులో) ఏదో ఇరుక్కుందని ఆపరేటర్లు పసిగడతారు. ఆ అభ్యంతరం వాళ్లు లేవనెత్తకముందే, లోడు హద్దు దాటితే ప్రెస్‌ను ఆపేసే టన్నేజ్ మానిటర్ కూడా అడగండి. భద్రత గురించి యాజమాన్యం చెప్పేది ఉత్త సాకని కొట్టిపారేయలేం. కానీ ఇవన్నీ పెట్టినా ప్రమాదం ఎలా మిగులుతుందో వాళ్లు చెప్పాలి కదా! కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ఒక పరిమితి గమనించండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి అనే సెక్షన్ 20(4) ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటులో మీ చేతికందేది సమాన అవకాశాల విధానం ప్రకటించాలనే సెక్షన్ 21. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ తన సమాన అవకాశాల విధానంలో సహాయక పరికరాల ఏర్పాటు గురించి రాయాలని ఈ చట్టం కింద వచ్చిన 2017 నియమాలు చెబుతున్నాయి. దాని కాపీ అడగండి. చాలా కంపెనీల్లో అది ఫైల్లోనే ఉంటుంది, కొన్నింట్లో అదీ ఉండదు.

జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. యాజమాన్యాన్ని పిలిపించి రికార్డులు తెప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. అయితే అక్కడినుంచి వచ్చేది సిఫార్సు; అమలు చేయకపోతే మూడు నెలల్లో కారణం చెప్పాలి. చట్టం ఉల్లంఘిస్తే జరిమానా మొదటిసారి రూ.10,000 దాకా, ఆపైన రూ.50,000 నుంచి రూ.5 లక్షలు.

ఫిర్యాదుకు ముందే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకుని యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డుకు దరఖాస్తు పెట్టండి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటే ఈ చట్టం ప్రకారం వినికిడి వైకల్యమే.

మీరు అడగలేదు గానీ, శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఈఎస్ఐ ఉంటే అక్కడ, లేకపోతే యాజమాన్యం నుంచి పరిహారం కోరవచ్చు. పరికరాల లేఖతో పాటే దీన్నీ నడపొచ్చు. చేరినప్పటి వైద్య పరీక్ష రిపోర్టు కంపెనీ దగ్గర ఉంటే కాపీ ఇప్పుడే అడిగి తీసుకోండి.