మా కోపం వల్లనే బాబుకు నత్తి వచ్చిందా?

ప్రశ్న: మేడం నమస్తే. మాది హన్మకొండ. మా బాబుకు నాలుగేండ్లు, మంచిగనే మాట్లాడెటోడు, ఏడాది కావస్తుంది 'అ అ అ అమ్మా' అంటుండు, ఒక్కోసారి మాట రాక కండ్లు గట్టిగ మూస్తుండు. డ్యూటీకి పోయే తొందరల నేను గదమాయిస్తా, ఆ భయంతోనే వచ్చిందని మా అత్తమ్మ అంటది. నాలిక మీద వస గూడ రుద్దింది. మా మరిదికి ఇప్పటికీ నత్తి ఉంది. తప్పు నాదేనా?

జవాబు: నీ వల్ల రాలేదు చెల్లె. నత్తి ఎక్కువగ రెండు నుంచి ఐదేండ్ల లోపల మొదలైతది, వంశంల ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ, దీనికి సంబంధం ఉన్న జీన్లను 2010ల పరిశోధకులు పట్టుకున్నరు గూడ. అంటే మీ అత్తమ్మ పెట్టిన కేసు కొట్టేసినట్టే ('మీ వైపు నుంచే వచ్చింది' అని అత్తమ్మతో మాత్రం అనకు, ఇంకో లొల్లి). లోపం నాలికల లేదు, వస ఆపేయండి.

అయితే వాడు మాటకు భయపడుడు, పడకపోవుడు మాత్రం చాలావరకు ఇంట్లనే ఉంటది. పొద్దున ఆటో హారన్ కొడుతుంటది, వాడు 'నా నా నా షూ' అనేలోపే అందరు 'షూనా, అగో మంచం కింద' అంటరు, వాడి మాట వాడి నోట్లనే ఉండిపోయె. అట్ల అందియ్యకండి, చివరిదాక ఆగి వినండి. 'మెల్లగ చెప్పు, ఊపిరి తీసుకో' అని గూడ అనొద్దు, నేను తప్పు మాట్లాడుతున్న అని వాడికి ఎక్కుతది. మెల్లగ మాట్లాడాల్సింది మీరు. రోజు ఒక ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి వాడు ఏ ఆట అంటే అదే ఆడు, ప్రశ్నలు తక్కువ అడుగు. బతుకమ్మకు చుట్టాలొస్తే 'రైమ్ చెప్పు బేటా' అని నిలబెట్టకండి. అన్నింటికంటే నాకు భయం దీనితోనే.

పదిమంది పిల్లల్ల ఏడెనిమిది మందికి అదే తగ్గుతది, నిజమే, కానీ మీ వాడు మగపిల్లగాడు, ఇంట్ల పెద్దయినా తగ్గని మనిషి ఉన్నడు, ఆర్నెల్లు దాటింది, పైగా కండ్లు మూస్తుండు, ఇంక ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం దవాఖానల పిల్లల డాక్టరును కలిసి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపమని అడగండి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ల గూడ మాట, వినికిడి సమస్యలు చూసే సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ ఉంది. పోయేముందు వాడికి తెల్వకుండ ఇంట్ల మాటలు రెండు మూడు వీడియోలు తీసుకో, కొత్తోళ్ల ముందు కొందరు పిల్లలు గడగడ మాట్లాడుతరు, 'ఏం లేదు పోండి' అని పంపించే ప్రమాదం ఉంది.