ఆముదం వంగడాల పనిలో చేరిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలను అందించిన పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నీవు చేరావని తెలిసి సంతోషించాను. డీజిల్‌కు బదులుగా వాడదగిన నూనె కోసమే కొత్త వంగడాలు చేయాలని రాశావు కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను. ఆముదపు నూనెలో సుమారు 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లమే. అందులోని హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జంట) వల్ల నూనె ఎంత చిక్కగా ఉంటుందంటే, బయోడీజిల్‌గా మార్చాక కూడా ఇంజనుకు కావలసినంత పలుచన కాదు. ఈ ఆమ్లం వల్లనే కందెనలకు, నైలాన్-11 అనే ప్లాస్టిక్‌కు, సెబాసిక్ ఆమ్లం అనే పారిశ్రామిక రసాయనానికి పరిశ్రమలు దీనిని వెతుక్కుంటూ వస్తాయి. ఇంత విలువైన నూనెను తగలబెట్టడం నాకు సమ్మతం కాదు.

కనుక ఇప్పటికే ఇంత ఎక్కువగా ఉన్న ఆ ఆమ్లం శాతాన్ని ఇంకా పెంచడానికి ఏళ్లు ఖర్చు చేయవద్దు. నీ దృష్టి పూలు, కాయలు వేసే గెల మీద ఉండాలి. మామూలు మొక్కలో గెల అడుగున మగ పూలు, పైభాగాన ఆడ పూలు ఉంటాయి. ఒక వరుస (ఒకే లక్షణాలు నిలుపుకొనే మొక్కల వంశం) పుప్పొడిని మరో వరుస మీద పడనిచ్చి తీసే సంకర విత్తనానికి గెలంతా ఆడ పూలే పూసే తల్లి వరుస కావాలి. 1968లో గుజరాత్‌లో వచ్చిన జీసీహెచ్-3 సంకరం టీఎస్పీ-10ఆర్ అనే అటువంటి వరుస ఆధారంగానే సాధ్యమైంది. ఇటువంటి వరుసలలో కొన్ని వేసవి వేడికి ఆడ పూల మధ్య మగ పూలు కూడా వేస్తాయి. ఆ పుప్పొడితోనే తల్లి వరుసను నిలుపుకోవచ్చు; కానీ సంకర విత్తనం పండించే మడిలో అవే పూలు విచ్చుకుంటే తల్లి తన పుప్పొడితోనే కాయలు పట్టి స్వచ్ఛత పోతుంది. అందువల్ల తల్లి వరుస పెంపకాన్ని వేడి కాలానికి, సంకర విత్తనోత్పత్తిని చల్లని కాలానికి కేటాయించి, మొదటి గెలలోనే మగ పూలు చూపిన మొక్కలను పుప్పొడి రాలకముందే పీకివేయాలి. ఆముదపు పుప్పొడి గాలిలో దూరం పోతుంది గనుక పక్క పొలాలను కూడా చూసుకో.

ఇక తెగుళ్లు. గుజరాత్‌లో నీటి వసతి కింద బాగా కాసిన సంకరం మన వర్షాధారపు ఎర్ర నేలల్లో అంతే కాస్తుందని నమ్మవద్దు. గెలలు వేసే వేళకు ముసురు పట్టిందంటే బూజు తెగులు వస్తుంది. ఒత్తైన గెలలలో తేమ నిలిచి నష్టం ఎక్కువవుతుంది. కంటికి నిండుగా కనిపించే గెలనే ఎంపిక చేయాలన్న ఆశ ఇక్కడ దెబ్బతీస్తుంది. ఎండు తెగులుకు మాత్రం తెగులు మడిలో, అంటే కావాలనే ఆ తెగులు ఉంచిన నేలలో, పరీక్షించని వరుసను ముందుకు తీసుకుపోకు. కాండం మీద తెల్లని మైనపు పూత లేని మొక్కలను పచ్చదోమ ఎక్కువగా ఆశిస్తుంది. ఆ లక్షణాన్ని కూడా నమోదు చేయి.

విత్తనపు సంచి మీద వరుస పేరుతో పాటు పూత వచ్చిన తేదీలను, ఆ రోజుల ఉష్ణోగ్రతను రాయించు. ఆ వరుసలో మగ పూలు ఎందుకు వచ్చాయో తేల్చడానికి వచ్చే ఏడాది నీకు అవే అవసరమవుతాయి.