మన పేజీ మనమే రాసుకుంటే ఏమైతాదప్పా?

ఈ వారం ఫోన్ హ్యాంగ్ అయితాంది, స్టోరేజ్ ఫుల్ అంటాంది లాంటివి పక్కన పెడుతున్నా, ఏమనుకోవద్దండి. వచ్చిన మెయిల్స్‌లో మూడు ఒకే గొడవ మీద ఉన్నాయి, వికీపీడియా. మూడూ మన సీమ నుంచే.

ప్రశ్న: అనంతపురంలో తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయినా. నాలుగు పద్య సంపుటాలు వేసినా. తెలుగు వికీపీడియాలో నా పేజీ లేదని నేనే ఖాతా తెరిచి రాత్రంతా కూర్చొని రాస్తే, పొద్దునకల్లా పైన తొలగింపు నోటీసు పెట్టినారు. నా గురించి నాకంటే ఎవరికి బాగా తెలుసు? సెట్టింగ్స్‌లో ఏమన్నా తప్పు చేసినానా?

సార్, సెట్టింగ్స్‌లో తప్పేం లేదు. మీ పేజీ తెరిచి చూసినా. మొదటి లైన్లోనే "మహాకవి, సహృదయులు, నిగర్వి" అని ఉంది. నిగర్వి అని ఎవరికి వాళ్ళు రాసుకుంటే చదివేవాడికి నవ్వు రాదా సార్, పైగా మీ వాడుకరి పేరు, పేజీ పేరు రెండూ ఒకటే. కింద మూలాలు అన్న చోట మీ పుస్తకాల ముందుమాటలు ఇచ్చినారు, అవి రాసింది మీ స్నేహితులు. పరీక్ష రాసినోడే పేపరు దిద్దుకున్నట్లుంది. దీన్నే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అంటారు, మీరు మంచోళ్ళు కాదని కాదు, మీ గురించి మీరు రాసేటప్పుడు మీకే తెలీకుండా చెయ్యి ఒక పక్కకి ఒరుగుతాదని.

మీకే కాదు, వికీపీడియాను 2001లో మొదలుపెట్టిన జిమ్మీ వేల్స్ అంతటోడు కూడా తన పేజీలో తానే వేలు పెట్టి 2005లో దొరికిపోయినాడు. తనతోపాటు లారీ సాంగర్ కూడా స్థాపకుడే అన్న మాటలు తీసేసినాడు, ప్రతి మార్పూ నమోదయ్యే చరిత్ర ట్యాబ్‌లో అంతా కనపడింది, చివరికి అట్ల చేసుండకూడదని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇంక మీ అసలు ప్రశ్న, నా గురించి నాకంటే ఎవరికి తెలుసు అని. ఇదే మాట అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్ కూడా అడిగినాడు. తన నవల ఒకదానికి ప్రేరణ ఫలానా ఆయన అని వికీపీడియాలో ఉంటే, అది తప్పు, నవల రాసిందే నేను కదా అన్నాడు, మీరు చెప్తే చాలదు, అచ్చయిన వేరే మూలం కావాలన్నారు వికీపీడియా వాళ్ళు. ఆయనకు మండి 2012లో న్యూయార్కర్ పత్రికలో పెద్ద బహిరంగ లేఖ రాసినాడు. తమాషా ఏమంటే ఆ లేఖ అచ్చయినాక అదే మూలమయ్యి పేజీలోకి ఎక్కింది. మొండితనమే అనిపిస్తాది, నాకూ అనిపించింది, కానీ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది నిజంగా ఆ ఫిలిప్ రాత్ అవునా, ఇంకెవడన్నానా అని వాలంటీర్లకి ఎట్ల తెలియాల?

నా కథ కూడా చెప్తా, సిగ్గేం లేదు. మా తాత పౌరాణిక నాటకాలాడేవాడు. కొన్నేళ్ళ కింద ఆయన మీద తెలుగు వికీలో పేజీ పెట్టి, "ఆయన పద్యం ఎత్తుకుంటే జనం లేచి నిలబడేవాళ్ళు" అని రాసినా. రెండు రోజులకి, ఆ పేజీ గురించి మాట్లాడుకునే చర్చ పేజీలో ఒకాయన మర్యాదగా, మూలం ఏదండీ అని అడిగినాడు. మా అవ్వ చెప్పింది అని జవాబు పెట్టినా! ఆయన నవ్వుకొనే ఉంటాడు, అయినా ఏమీ అనలేదు, పేపర్ కటింగ్ ఏమన్నా ఉందేమో చూడమన్నాడు. అవ్వ ట్రంకు పెట్టె అంతా తీస్తే, కలరా ఉండల వాసన కొట్టే పట్టుచీర మడతలో ఒక కటింగ్ దొరికింది, అందులో మా ఊరి తిరునాళ్ళలో ఆడిన నాటకం గురించి నాలుగు లైన్లు, తాత పేరు ఒక్కసారి, అదీ ఇంటిపేరు తప్పు. దానికి పేజీ నిలబడదు కదా, పోయింది. మా ఊరి పేజీలో మాత్రం ఆ నాటకం మాట ఒక్క వాక్యం ఉండిపోయింది.

కాబట్టి సార్, మీ సంపుటాల మీద మీకు సంబంధం లేని వాళ్ళు రాసిన సమీక్షలు, పత్రికల్లో వచ్చిన వ్యాసాలు ఉంటే తేదీ, పేజీ నంబరుతో సహా ఆ పేజీ చర్చలో పెట్టండి, "ఇది నా గురించే, నేనే రాసినా" అని ముందే చెప్పేయండి. విషయ ప్రాముఖ్యత, అంటే పేజీ పెట్టేంత గుర్తింపు, ఉందో లేదో వాళ్ళు తేలుస్తారు. ఈలోపల ఒక మాట, మీకు పద్యం, ఛందస్సు చేతిలో పని. తెలుగు వికీ 2003 నుంచి ఉంది, అందులో మూలాల్లేని మొలక పేజీలకి, అంటే రెండు మూడు లైన్లతో ఆగిపోయిన పేజీలకి, కొదవలేదు, మీ గురించి తప్ప మిగతా దేని మీద రాసినా వద్దనేవాళ్ళు లేరు.

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు, ఒక ప్రైవేట్ సంస్థలో సోషల్ మీడియా చూసుకుంటా. మా సంస్థ పేజీలో 'వివాదాలు' అన్న భాగం తీసేయమని మా సార్ తలకాయ తింటున్నాడు. ఆఫీస్ వైఫై కాకుండా నా ఫోన్ డేటాతో తీస్తే తెలుస్తాదా? ఒక ఏజెన్సీ వాళ్ళు 40 వేలిస్తే మేమే చేస్తామంటున్నారు.

తమ్ముడూ, వైఫై మారిస్తే నువ్వు మారవు కదా. ఏ అక్షరం ఎవరు ఎప్పుడు తీసినారో చరిత్రలో పడిపోతాది, ఎవరైనా ఒక్క నొక్కుతో వెనక్కి తెస్తారు, ఆపైన కొత్త ఖాతా వచ్చీ రాగానే వివాదాలే తీసేసిందంటే ఎవరికి అర్థం కాదు చెప్పు? 2007లో వర్జిల్ గ్రిఫిత్ అనే కుర్రోడు వికీస్కానర్ అని ఒక టూల్ చేసినాడు, లాగిన్ కాకుండా చేసిన మార్పుల ఐపీ అడ్రస్‌లు ఏ కంపెనీవో, ఏ ఆఫీసువో చూపించేది. పెద్ద పెద్దోళ్ళ పరువు పేపర్లకెక్కింది.

ఇంకోటి, నువ్వు జీతానికి చేస్తున్నావు కాబట్టి నీది డబ్బు తీసుకొని రాసే లెక్కలోకే వస్తాది. 2014 నుంచి, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నిబంధనల్లోనే ఉంది, ఎవరి తరఫున రాస్తున్నావో బయటికి చెప్పి తీరాల. నీ వాడుకరి పేజీలో ఆ ముక్క రాసుకో, తర్వాత చర్చ పేజీలో ఏ వాక్యం తప్పో, దానికి రుజువేందో పెట్టు. ఇంగ్లీష్ వికీ అయితే రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఎడిట్ సీఓఐ (పైన చెప్పిన కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్టే) అని ఇంగ్లీషులో కొట్టి కింద నీ అభ్యర్థన రాయాల, వాలంటీర్లు వరసగా చూస్తారు, టైం పడుతుంది. వివాదం నిజంగా జరిగుండి పేపర్లో వచ్చుంటే మాత్రం ఎవరూ తీయరు, మీ సార్‌కి ఆ మాట ఇప్పుడే చెప్పెయ్.

ఏజెన్సీ జోలికి పోవద్దు. 2015లో ఆరెంజ్‌మూడీ అనే వ్యవహారంలో ఇంగ్లీష్ వికీలో ఒకేసారి 381 ఖాతాలు బ్లాక్ చేసినారు. ఆ ఖాతాలు నడిపినోళ్ళ పద్ధతి చూడు, తిరస్కరించిన పేజీలు వెతికి పట్టుకొని, ఆ మనుషులకే ఫోన్‌లు మెయిల్స్ చేసి, డబ్బులిస్తే పెట్టిస్తాం, ఇంకా ఇస్తే కాపాడతాం అనేవాళ్ళు. మీ 40 వేలూ పోతాయి, పేజీ పైన హెచ్చరిక బోర్డు తగులుకుంటాది.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను స్టేజీ మీద పాడతాను. ఇంగ్లీష్ వికీపీడియాలో నా పేజీ ఎవరో రాసినారు, పుట్టిన సంవత్సరం తప్పు, నా పెళ్లి గురించి పచ్చి అబద్ధం. గూగుల్లోనూ అదే వస్తోంది. నేను ముట్టుకోకూడదా?

అమ్మా, మీ కేసు వేరు. మూలం లేకుండా మీ సొంత జీవితం మీద రాసిన ఆ పెళ్లి ముక్క మీరే తీసేయొచ్చు, మార్పు సేవ్ చేసేటప్పుడు కనపడే దిద్దుబాటు సారాంశం గడిలో "ఇది నా గురించే, మూలం లేని అబద్ధం" అని రాయండి, ఎవరూ తప్పుపట్టరు. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే జర్నలిస్టును అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్యకు ముడిపెట్టి రాసిన అబద్ధం నెలల తరబడి అట్లే ఉండిపోయింది, బతికున్నవాళ్ళ మీద రాసేటప్పుడు ఇంత గట్టిగా చూసేది అప్పటి నుంచే. పుట్టిన సంవత్సరం మాత్రం చర్చ పేజీలోనే అడగండి, మీ ఇంటర్వ్యూ ఏదైనా అచ్చయి ఉంటే లింకివ్వండి. ఆధార్ కార్డు ఫోటో మాత్రం పెట్టొద్దు, అది ప్రపంచమంతా చూస్తాది! గూగుల్ బాక్స్ కింద ఫీడ్‌బ్యాక్ అని చిన్నగా ఉంటాది, అక్కడ కూడా చెప్పండి.

ఫోటో మార్చాలని కూడా అడిగినారు. స్టూడియో ఫోటో వద్దు, హక్కుల తకరారు వస్తాది. మీ అబ్బాయి ఫోన్‌తో తీస్తే, తీసినోడు వాడే కాబట్టి వాడి ఖాతాతోనే, వికీపీడియా ఫోటోలు దాచే కామన్స్‌లో ఎక్కించమనండి. ఒకసారి ఎక్కినాక ఆ ఫోటో ఎవరైనా ఫ్లెక్సీకో, యాడ్‌కో వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడానికి లేదు, అందుకని నచ్చింది చూసి మరీ పెట్టండి.