లాన్‌లో తుంగ: పీకేకొద్దీ ఎందుకు పెరుగుతుంది

మీరడిగింది ఇదీ: ఇంటి ముందు రెండు వందల గజాల లాన్, సెలక్షన్ వన్ గడ్డి. మెషీన్ కొట్టిన రెండో రోజుకే అక్కడక్కడా నిగనిగలాడే ఆకులు రెండు వేళ్ళ ఎత్తు పైకి లేస్తున్నాయి. నెలకోసారి మాలీతో పీకిస్తున్నారు. ఏడాదిలో తగ్గకపోగా మూలన ఉన్నది మధ్యకి వచ్చింది. ఇదేం గడ్డి, ఏం మందు కొట్టాలి?

ముందు, ఇది గడ్డి కాదండి. తుంగ. ఒక పువ్వు కాడ తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. తుంగ కాడకి మూడు అంచులు ఉంటాయి, వేళ్ళ మధ్య ఆగి ఆగి తిరుగుతుంది. ఆకులు కూడా మూడు వైపులకే వస్తాయి. ఊదా కలిసిన గోధుమ రంగు పువ్వు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

గడ్డి కాదని నొక్కి చెప్పడం చాదస్తం కాదు. మందుల షాపుకి వెళ్ళి "లాన్‌లో గడ్డి చావాలి" అంటే క్విజాలోఫాప్ లాంటిది చేతిలో పెడతారు. అది గడ్డి జాతిని మాత్రమే చంపుతుంది. కొట్టిన రెండు వారాలకి మీ లాన్ ఎండుగడ్డి అవుతుంది, తుంగ మాత్రం పోటీ లేక హాయిగా పెరుగుతుంది. 2,4-డి కొడితే ఆకు మాడుతుంది, దుంప చావదు, పైగా గాలికి ఆ తుంపర పక్కింటి టమాటా మీద పడితే దాని ఆకులు మెలిపడిపోతాయి. గ్లైఫోసేట్ దుంపదాకా దిగుతుంది కానీ లాన్‌ని కూడా వదలదు. 2022లో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది కూడా.

ఇప్పుడు పీకుడు సంగతి. నేల బాగా తడిపి, ఒక్క పిలక దగ్గర అరడుగు లోతున పార దింపి మట్టి పెళ్ళ మొత్తం పైకెత్తండి. బకెట్ నీళ్ళలో ముంచి మెల్లగా మట్టి వదిలించండి. ఆకుల మొదట్లో చిన్న ఉబ్బు కనిపిస్తుంది. దాని కింద నుంచి సన్నటి తీగ, దాని చివర నల్లటి దుంప, ఆ దుంప నుంచి ఇంకో తీగ, ఇంకో దుంప. జపమాలలా వరసగా ఉంటాయి. బఠాణీ గింజంతది మొదలుకుని చిన్న రేగిపండంత దాకా, మీద పీచు. గోటితో గిల్లితే లోపల తెలుపు, సున్నిపిండి వాసన. ఎందుకంటే ఇవి తుంగముస్తలే. పచారీ కొట్లో కచ్చూరాల పక్కన డబ్బులిచ్చి కొనేవి ఇవే.

ఆ మాలలో అన్ని దుంపలూ ఒకేసారి మొలకెత్తవు. ముందున్నది బతికున్నంత కాలం వెనకవి నిద్రపోతాయి. మాలీ తుంగ జుట్టు పట్టుకుని లాగితే ఆకుల మొదలు దగ్గర తెగుతుంది, లేదా తీగ తెగుతుంది. తీగ తెగితే వెనకవి లేస్తాయి. పిలక తెగితే అదే దుంప ఇంకో కన్ను నుంచి మళ్ళీ వస్తుంది. మొలక పైకొచ్చాక మూడు వారాలు దాటితే కింద కొత్త దుంపలు కట్టడం మొదలు. నెలకోసారి పీకించడమంటే దాన్ని సరిగ్గా దుంప కట్టేదాకా ఆగి కదిలించడమే. మాలీ తప్పేం లేదు, వాళ్ళకి ఎవరూ చెప్పరు.

చేత్తోనే చేయాలంటే పది పన్నెండు రోజులకోసారి, ఒక్క పిలక కూడా వదలకుండా, రెండు వానాకాలాలు తీయాలి. మంచం పట్టేంత జాగా అయితే కుదురుతుంది. రెండు వందల గజాలకి ఎవరూ చేయరు.

కాబట్టి మందు. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75% డబ్ల్యూజీ (నీళ్ళలో కలిసే గుళికలు) అని అడగండి. చెరకులో తుంగకి వాడేది ఇదే, మన దగ్గర లేబుల్ మీద ఉండేవి పొలం పంటలే. సెలక్షన్ వన్ కానీ, నర్సరీల్లో మెక్సికన్, కొరియన్ అని అమ్మే గడ్డి కానీ బాగా వేళ్ళూనుకుని ఉంటే దీన్ని తట్టుకుంటాయి. అయినా ముందు ఒక మూల రెండు గజాల మీద కొట్టి, రెండు వారాలు చూసి, తర్వాత మిగతాది కొట్టండి. పరిచి నాలుగు నెలలు కూడా కాని లాన్ మీద కొట్టొద్దు.

మోతాదు ఎకరానికి 36 గ్రాములు. ఎకరం అంటే 4840 గజాలు. అంటే వంద గజాలకి ముప్పావు గ్రాము, మీ లాన్‌కి గ్రామున్నర. తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. వంటింటి కాటా గ్రామున్నర తూచలేదు, స్పూన్ లెక్క అసలు పనికిరాదు. బంగారం తూచేలాంటి చిన్న కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది వాడండి. లేదంటే 3 గ్రాములు 400 మి.లీ. నీళ్ళలో బాగా కలిపి, అందులో 200 మి.లీ. తీసుకుంటే గ్రామున్నర వచ్చినట్టే. మిగిలిన సగాన్ని దాచొద్దు, కలిపిన రోజే వాడాలి, కాబట్టి ఇదే తుంగ ఉన్న పొరుగువాళ్ళతో కలిసి కొట్టుకుంటే మేలు.

వంద గజాలకి 3 నుంచి 4 లీటర్ల నీళ్ళు. లీటరుకి 2 మి.లీ. చొప్పున స్ప్రెడర్ (మందు ఆకు మీద పరుచుకుని అంటుకునేలా చేసే ద్రవం) కలపాలి. తుంగ ఆకుకి మైనం పూతలాంటిది ఉంటుంది, స్ప్రెడర్ లేకపోతే నీళ్ళు తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. "మందు పని చేయలేదు" అనేవాళ్ళలో సగం మంది తప్పు ఇదే అని నా గట్టి నమ్మకం. మిగతా సగం మంది కొట్టే ముందు రోజు లాన్ నున్నగా కోయిస్తారు. మందు దిగాల్సింది ఆకులోంచి దుంపలోకి. ఆకే లేకపోతే ఎటు దిగుతుంది? ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మెషీన్ ఆపండి. కొట్టాక నాలుగు గంటలు వానా, స్ప్రింక్లరూ పడకూడదు. ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ రానివ్వకండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పూలమడుల అంచున ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని కొట్టండి, తుంపర బంతి మీద పడినా గులాబీ మీద పడినా దెబ్బ తింటాయి.

సమయం జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, పిలకకి మూడు నుంచి ఐదు ఆకులున్నప్పుడు. ఏప్రిల్, మే ఎండల్లో సొమ్మసిల్లిన తుంగ మీద కొట్టి డబ్బు పారబోసుకోకండి. చురుగ్గా పెరుగుతున్న మొక్కే మందుని కిందికి లాక్కుంటుంది.

కొట్టిన మర్నాడే ఏమీ కనిపించదు. వారం, పది రోజులకి లేత ఆకు పసుపు తిరుగుతుంది, పూర్తిగా పోవడానికి మూడు నాలుగు వారాలు. మధ్యలో కంగారుపడి డోసు పెంచి మళ్ళీ కొట్టకండి, లాన్ కూడా పసుపెక్కుతుంది. నిద్రలో ఉన్న దుంపలకి ఈ మందు పెద్దగా అందదు. అవి లేచాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకి, అదే మోతాదులో రెండోసారి. వచ్చే ఏడు తొలకరి తర్వాత అక్కడక్కడా మళ్ళీ కనిపిస్తుంది, అప్పుడు ఆ మచ్చల మీద కొడితే చాలు.

ఉప్పు చల్లమని వీడియోలు పెట్టేవాళ్ళకో దండం. తుంగ కంటే ముందు లాన్ పోతుంది, మట్టి కూడా పోతుంది. లాన్ కింద నల్ల పాలిథిన్ పరిచి పైన మట్టి పోస్తే రాదని కాంట్రాక్టర్లు చెప్తుంటారు. తుంగ మొలక మొన సూదిలా ఉంటుంది, పాలిథిన్‌ని పొడుచుకుని వస్తుంది. పైగా నీళ్ళు కిందికి దిగక గడ్డి కుళ్ళుతుంది.

అసలు ఇది మీ ఇంటికి ఎలా వచ్చిందంటే, ట్రాక్టర్ ఎక్కి వచ్చింది. గజం ధర దగ్గర నెలలు బేరమాడతాం. దాని మీద పోసే ఎర్రమట్టి ఏ చెరువు గట్టుదో, ఏ పొలం గట్టుదో ఒక్క మాట అడగం. ఈసారి మట్టి గానీ పశువుల ఎరువు గానీ తెప్పిస్తే లోడు దింపించే ముందే ఒక గంపెడు తెచ్చి ట్రేలో పోసి, రెండు మూడు వారాలు తడుపుతూ నీడ లేని చోట పెట్టండి. తుంగ ఉంటే సూదుల్లా లేస్తుంది. అప్పుడు వద్దనడం తేలిక.

లాన్ పలచగా ఉన్నచోటే తుంగ బలుస్తుంది, నీడంటే దానికి పడదు. సెలక్షన్ వన్‌ని అంగుళం కంటే కిందికి కోయించకండి. రోజూ పైపైన చిలకరించే బదులు మూడు నాలుగు రోజులకోసారి లోతుగా తడపండి. కుళాయి కారే చోటు ఉంటే ముందు వాషర్ మార్పించండి, తుంగ మొదటి కాపురం ఎక్కువగా అక్కడే. మందు పనిచేసి తుంగ పోయిన ఖాళీల్లో గడ్డి అల్లుకోవడానికి వంద గజాలకి అరకిలో యూరియా, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్ళు పెట్టండి.

తవ్వినప్పుడు వచ్చిన దుంపలు కంపోస్టు గుంతలో మాత్రం వేయొద్దు. సిమెంటు గచ్చు మీద రెండు వారాలు ఎండలో పోసి గలగలమనేదాకా ఎండనిచ్చి, అప్పుడు చెత్తబండికి ఇవ్వండి.