కోఠీ రెసిడెన్సీకి జనాన్ని తీసుకెళ్లే ముందు

చిన్నీ,

నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, అదే రెసిడెంటు, కోసం హైదరాబాదులో కట్టిన కోఠీ రెసిడెన్సీలో నువ్వే జనాన్ని వెంటేసుకుని తిప్పుతూ చరిత్ర చెప్తావట, మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగానే ఉంది. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ మెట్ల మీద ఎవరైనా జారిపడతారేమోనన్న భయం.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. అది నడుస్తున్న చదువుల ప్రాంగణం, అనుమతి కాగితం మీద తీసుకో. పదిహేను మందికి మించొద్దు. ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి వదిలెయ్. పెచ్చులూడే కప్పు కింద ఎవర్నీ నిలబెట్టకు. పెద్దవాళ్లు మెట్లు దిగేటప్పుడు నువ్వు వాళ్లకంటే రెండు మెట్లు కింద ఉండు, పైన నిలబడి ఉపన్యాసం ఇవ్వకు.

నడక పెద్ద మెట్ల దగ్గర మొదలుపెట్టొద్దు. బయట బస్టాండు దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం దగ్గర మొదలుపెట్టు. 1857 జులై 17న ఆయనా, మౌల్వీ అల్లావుద్దీనూ రోహిల్లా పఠాన్లతో కలిసి ఈ రెసిడెన్సీ మీదికే వచ్చారు. మౌల్వీని అండమాన్ పంపారు. జైలు నుంచి తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్‌ని 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని ఊళ్లో వేలాడదీశారు. ముందు ఈ మాట విన్నవాళ్లకి లోపల సింహాలు, దర్బారు హాలు వేరేగా కనిపిస్తాయి.

ముఖమండపం దగ్గర ఆ ఆరు స్తంభాలూ రాయేనా అని అడుగు. అవునంటారు. కాదు, ఇటుక మీద సున్నం గచ్చు. ఇక్కడ పది నిమిషాలు ఆగు, తొందరేం లేదు. మన వైపు గచ్చు పని ఎలా సాగేదో చెప్పు: కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, రోజుల తరబడి మురగనిచ్చి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో తిప్పేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. ఆఖరి పూత వెన్నలా ఉండాలి, తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్దాలి. ఆలస్యమైతే మెరుపు రాదు, తొందరపడితే నెర్రెలిస్తుంది. నక్షా మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రస్సెల్‌ది, డబ్బు నిజాంది, పని 1803లో మొదలైంది. గచ్చు రుద్దిన చేతులు ఎవరివని అడుగుతారు. పేర్లు తెలియవని చెప్పు. పని చెప్పు, పనిముట్టు చెప్పు, అంతేగానీ కథ బాగుంటుందని ఓ మల్లయ్యనో మస్తానునో పుట్టించావంటే ఊరుకోను.

ఇక అసలు తప్పు. నేనూ ఏళ్ల తరబడి చేశాను, ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు. తోటలో భవనానికి చిన్న నమూనా ఉంది కదా, అక్కడికి రాగానే గొంతు తగ్గించి, పరదాలో ఉన్న భార్య ఖైరున్నిసా బేగం ఇల్లంతా చూడలేదని, ఈ భవనం కట్టించిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దీన్ని కట్టించాడనడం. కళ్లు తుడుచుకుంటారు, ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత నువ్వేం చెప్పినా ఎవరికీ ఎక్కదు, నడక అక్కడితో అయిపోయినట్టే.

మొదటిది, అది జనం చెప్పుకునే మాట. ‘అంటారు’ అని చేర్చి చెప్పు. రెండోది, పెళ్లినాటికి ఆమెది పద్నాలుగు పదిహేనేళ్ల వయసు, ఆయన ముప్పై దాటిన రెసిడెంటు. దాన్ని దాచకు, ఇకిలించకు కూడా. నీ ముందు ఆ ఈడు పిల్లలూ ఉంటారు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు కథని 1805లో ఆపెయ్యడం. ఆ ఏడు నాలుగేళ్ల కొడుకునీ మూడేళ్ల కూతుర్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. తల్లి వాళ్లని మళ్లీ చూడలేదు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. మరుసటేడు ఆమె అక్కడికి వెళ్లింది. ఆయన దగ్గర సహాయకుడిగా చేసిన హెన్రీ రస్సెల్ ఆమెని చేరదీసి, తర్వాత వదిలేశాడు. హైదరాబాదు రానివ్వక మచిలీపట్నంలో ఉంచారు. ఎట్టకేలకు తిరిగొచ్చి 1813లో, ముప్పై కూడా నిండకుండా పోయింది. ఆమె కోసం కట్టిన రంగమహల్‌ని 1860లో పడగొట్టించారు. ఆ పిల్లల అమ్మమ్మ షరఫున్నిసా మాత్రం ఇక్కడే బతికి ఉంది. 1840ల్లో, ఇంగ్లండులో పెరిగి కిట్టీ అయిన ఆ మనవరాలికీ ఆమెకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. కలుసుకోలేదు. నమూనా దగ్గర ఏడు నిమిషాలు, రంగమహల్ ఉన్న చోట ఏడు నిమిషాలు, గడియారం చూసుకో. రెసిడెంటు తరఫున నిజాంతో ఒప్పందాలు నడిపిన ఆయన మున్షీ అజీజుల్లా పేరు కూడా అక్కడే చెప్పు, లేకపోతే రెసిడెంటు ఒక్కడే అన్నీ చేశాడనుకుంటారు.

మతం మీద ఎవరో ఒకరు వాదన లేవదీస్తారు. తేదీ చెప్పి ముందుకు నడువు, నిలబడి వాదించకు. నువ్వసలే ముక్కోపివి.

ఆఖరున రోడ్డు దాటించి సుల్తాన్‌బజారు తీసుకెళ్లు. రెండు జట్లుగా దాటించు, ఆ ఆటోవాళ్లు ఆగరు. అది ఒకప్పటి రెసిడెన్సీ బజారు, 1933లో నిజాంకి తిరిగిచ్చేదాకా బ్రిటిష్ వాళ్ల అధికారం కింద ఉండేది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అక్కడే ఉంది, తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఈ ఊళ్లో చోటు వెతుక్కున్నవాళ్ల గుర్తు. టీ అక్కడే తాగించు.

దాటేముందు గేటు దగ్గర ఓ నిమిషం ఆగు. 1949లో ఆ మెట్లెక్కి లోపలికొచ్చింది ఆడపిల్లల కాలేజీ. ఆ కాలేజీయే ఇప్పుడు విశ్వవిద్యాలయం, దానికి పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఎవరినైనా ఆ పేరు గట్టిగా చదవమను.

చెప్పులు కాదు, బూట్లు వేసుకో. అయిపోగానే ఫోన్ చెయ్, ఎంత ఆలస్యమైనా సరే.

నీ పెద్దమ్మ