వాన లెక్క రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. సీజన్ అంచనాలు, కరువు పర్యవేక్షణ చూసే సెక్షన్‌లో నిన్ను వేశారని చదివి ఆ పూటంతా సంతోషంగా తిరిగాను. "మూడు నెలల తర్వాత వాన పడుతుందా లేదా అని పెద్దాఫీసర్లు ముఖం మీదే అడుగుతున్నారు మావయ్యా, ఏం చెప్పాలో తెలీక టెన్షన్ వస్తోంది" అని చివర్లో రాశావు. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నతోనే గడిచింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిక చేసుకుని చదువు.

కరువును ముందుకు చూసి పట్టుకోవాలని కొత్తలో అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ తుపాను వచ్చినట్టు కరువు రాదమ్మా, అది పేరుకుంటుంది. గడిచిన మూడు నెలల్లో ఎంత లోటు పడింది, నేలలో తేమ ఎంత మిగిలింది, జలాశయం ఏ మట్టంలో ఉంది, బావుల్లో నీళ్లు ఎంత లోతుకు దిగాయి అన్నవి సరిగ్గా తెలిస్తే, వచ్చే రెండు నెలల సంగతి చాలావరకు అక్కడే కనిపిస్తుంది. ఇప్పటికే నలభై శాతం లోటులో ఉన్న చోట వచ్చే నెల మామూలు వాన పడినా ఆ లోటు తీరదు. ఇంత మాట చెప్పడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, నిన్నటి లెక్క నిజమైతే చాలు. అందుకని మొదటి ఏడాది మోడళ్ల కంటే కొలతల దగ్గర ఎక్కువసేపు కూర్చో.

నేను చేరిన కొత్తలో ఒక స్టేషన్ రికార్డు నన్ను బాగా తిప్పలు పెట్టింది. పన్నెండేళ్ల గ్రాఫ్ గీస్తే వాన ఏటేటా మెట్లు దిగినట్టు తగ్గుతోంది. చుట్టుపక్కల స్టేషన్లలో ఆ తగ్గుదల లేదు. వారం రోజులు లెక్కలతో కుస్తీ పట్టి, చివరికి బస్సెక్కి వెళ్లి చూశాను. రెయిన్ గేజ్ పెట్టినప్పుడు పక్కనే నాటిన మొక్క పెద్ద చెట్టయింది. దాని కొమ్మ ఒకటి సరిగ్గా గేజ్ మూతి మీదికి వాలి ఉంది. కింద డబ్బాలో ఆకులు కుళ్లి అడుగున నల్లటి మడ్డి. వాన తగ్గలేదు, చెట్టు పెరిగింది. పక్కనున్న చెట్టయినా గోడయినా గేజ్ మూతి కంటే ఎంత ఎత్తుంటే అంతకు కనీసం రెట్టింపు దూరంలో గేజ్ ఉండాలన్న నియమం పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. ఆ రోజు కళ్లతో చూశాకే అది ఎంత ముఖ్యమో తెలిసింది.

అక్కడి అబ్జర్వర్ కొలిచే పద్ధతి కూడా చూశాను. గాజు కొలపాత్రను చేత్తో పైకెత్తి వంచి చూస్తున్నాడు. దాన్ని చదునైన చోట పెట్టి, వంగి, కన్ను నీటి మట్టానికి తెచ్చి, నీళ్లు మధ్యలో గుంటగా దిగే చోట గీత చదవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. రోజూ అర మిల్లీమీటరు తేడా వస్తే సీజన్ చివరికి ఎంత దూరం పోతామో నువ్వే లెక్క వేసుకో.

ఇంకొకటి, సున్నాకీ ఖాళీకీ తేడా. రిజిస్టరులో "0.0" ఉంటే ఎవరో వెళ్లి చూశారు, వాన పడలేదు అని అర్థం. ఖాళీగా ఉంటే ఎవరూ చూడలేదని అర్థం. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఖాళీలన్నీ సున్నాలైపోతే లేని కరువు పుట్టుకొస్తుంది. అలాగే అబ్జర్వర్ మూడు రోజులు సెలవు పెట్టి వచ్చి, గేజ్‌లో ఉన్న నీళ్లన్నీ ఒక్క రోజు కింద రాస్తే లేని కుండపోత పుడుతుంది. అటూ ఇటూ రెండు రోజులు ఖాళీగా ఉండి మధ్యలో ఒక్క పెద్ద అంకె కనిపిస్తే వెంటనే ఫోన్ చేసి అడుగు.

అలాగని ఆశ్చర్యం కలిగించిన ప్రతి అంకెనీ తప్పని కొట్టేయకు. 1982లో అదే జరిగింది. ఆ ఏడాది మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలి దుమ్మూ ఆమ్లపు తుంపరా ఆకాశంలో పరుచుకున్నాయి. వాటి గుండా చూసిన ఉపగ్రహాలకు పసిఫిక్ సముద్రం ఉన్నదానికంటే చల్లగా కనిపించింది. ఓడలు మాత్రం నీళ్లు బాగా వేడెక్కాయని కొలతలు పంపాయి. ఇంత వేడి ఉండదంటూ కంప్యూటర్లు వాటిని పక్కన పెట్టాయి. పసిఫిక్ నీళ్లు ఇలా నెలల తరబడి మామూలుకంటే వేడెక్కడాన్నే ఎల్‌నినో అంటారు. అలా ఆ శతాబ్దంలోనే అతి బలమైన ఎల్‌నినోలలో ఒకటి అందరి కళ్ల ముందే పెరిగి పెద్దదయ్యాక గానీ గుర్తుపట్టలేదు. ఆ దెబ్బతోనే భూమధ్యరేఖ పొడుగునా పసిఫిక్‌లో నీటి మీద తేలుతూ కొలతలు పంపే బోయాలు డెబ్బై దాకా లంగరు వేశారు. 1994కి ఆ వరస పూర్తయింది. అందుకే వింత అంకె ఎదురైతే తుడిచేయకుండా పక్కన గుర్తు పెట్టి ఉంచు, కారణం దొరికాకే తీర్పు చెప్పు.

ఉపగ్రహాల మీద నాకు గౌరవం ఉంది. 2002లో వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి దాదాపు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, ఆ ఎడంలో వచ్చే అతి సూక్ష్మమైన తేడాలను బట్టి నేల కింద నీళ్లు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా చెప్పాయి. అది చదివిన రోజు నాకు ఒళ్లు పులకరించింది. కానీ అవి చూసేది పెద్ద పెద్ద ప్రాంతాలను, ఒక ఊరి బావిని కాదు. వాన అంచనా వేసే ఉపగ్రహాలు కూడా చాలావరకు మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చూసి కింద వానను ఊహిస్తాయి. కొండల మీద తక్కువ ఎత్తు మేఘాలు కురిపించే వాన వాటి కంటికి ఆనదు. నేల మీది గేజ్‌తో సరిచూడకుండా ఏ మ్యాపునీ బులెటిన్‌లో పెట్టకు.

ఇక సూచికలు. నీ టేబుల్ మీదికి రోజూ వచ్చేది ఎస్‌పీఐ. 1993లో కొలరాడోలో మెక్‌కీ బృందం తయారుచేసింది. కనీసం ముప్పై ఏళ్ల వాన రికార్డు తీసుకుని, ఈసారి పడ్డది ఆ చోటికి ఎంత అరుదో చెప్తుంది. మైనస్ 1 దాటితే కరువు ఒక మోస్తరు, మైనస్ 1.5 దాటితే తీవ్రం, మైనస్ 2 దాటితే అతి తీవ్రం. లెక్క సులువు, వాడటంలోనే పొరపాట్లు. నేలలో తేమ, పంట సంగతి కావాలంటే మూడు నెలలది చూడు. జలాశయాలు, భూగర్భజలం కావాలంటే పన్నెండు నెలలది. రెండూ ఎదురెదురుగా మాట్లాడితే కంగారు పడకు, రెండూ నిజమే కావచ్చు. పైరు పచ్చగా ఉండి బావి ఎండే కాలం ఉంటుంది. ఎండాకాలంలో ఒక నెల ఎస్‌పీఐని మాత్రం నమ్మకు. మామూలుగా మూడు మిల్లీమీటర్లు పడే నెలలో అసలు పడకపోతే దానికి అర్థం పెద్దగా లేదు.

వాన ఒక్కటే చూస్తే వేడి చేసే పని కనిపించదు. 2012లో అమెరికాలో ఏం జరిగిందో చదువు. మే నెలలో కాస్త పొడిగా ఉందనుకున్న నేలలో ఎండ తీవ్రతకు తేమంతా ఆవిరైపోయి, జులై చివరికల్లా సగానికి మించిన భూభాగం కరువు కిందికి వచ్చింది. నెలకోసారి చూస్తే ఇలాంటిది దొరకదు. ఎండలు ముదిరినప్పుడు వారం వారం నేల తేమ చూడు, ఆవిరి లెక్క కలిపిన ఎస్‌పీఈఐ పక్కన పెట్టుకో.

ఇప్పుడు ముందుకు చూసే పని. రెండు వారాలు దాటితే ఫలానా రోజు వాన అని చెప్పడం ఎవరి వల్లా కాదు. మరి మూడు నెలల మాట ఎలా చెప్తాం? సముద్రం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి. పసిఫిక్ మధ్యలో నీళ్లు అర డిగ్రీ, డిగ్రీ వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే దాని మీది గాలులు, మేఘాలు చోటు మారతాయి, ఆ ప్రభావం దూరదేశాల దాకా పాకుతుంది. దీన్ని రోజూ చూడు, కానీ దానికి బానిసవి కాకు. 1997లో ఆ శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోలలో ఒకటి వచ్చింది, అయినా భారత రుతుపవనాల వర్షం సగటుకు కాస్త మించే పడింది. 2002లో ఎల్‌నినో అంత బలమైనది కాదు, అయినా ఒక్క జులైలోనే సగానికి పైగా లోటు పడి దేశం కరువులో పడింది. హిందూ మహాసముద్రంలో పడమర, తూర్పు నీళ్ల వేడి తేడా కూడా లెక్కలోకి వస్తుందని 1999లో పరిశోధకులు తేల్చారు. ఎల్‌నినో అనగానే కరువు అని రాసేసేవాళ్లు నీ చుట్టూ చాలామంది ఉంటారు. నువ్వు రాయకు.

మార్చి, ఏప్రిల్‌లలో ఎల్‌నినో గురించి గట్టిగా మాట్లాడకు. ఆ నెలల్లో సముద్రం ఎటైనా తిరగొచ్చు, మోడళ్లు అప్పుడే ఎక్కువ తడబడతాయి. 2014 మొదట్లో పెద్ద ఎల్‌నినో వస్తోందని హడావిడి జరిగింది. అది సగంలో చల్లారిపోయి, అసలైనది మరుసటి ఏడాది వచ్చింది.

నీ టెన్షన్‌కి అసలు మందు శాతాల్లో ఉంది. గత సంవత్సరాలను తక్కువ, మామూలు, ఎక్కువ అని మూడు సమాన భాగాలు చేస్తే, ఏమీ తెలియని రోజున ఒక్కోదానికి 33 శాతం. నీ అంచనా అదే వరసలో 20, 35, 45 అని వచ్చిందంటే ఎక్కువ వాన వైపు కొంత మొగ్గుంది, అంతే. ఎక్కువ పడకపోయే అవకాశం ఇంకా 55 ఉంది. ఒకసారి నేను ఈ అంకెలు వదిలేసి "మామూలు కంటే ఎక్కువ వర్షాలకు అవకాశం" అని ఒక్క వాక్యం రాసి పంపాను. అది చదివిన చోట జలాశయం మట్టం తగ్గించి నీళ్లు వదిలేశారు. ఆ సీజన్ వాన తప్పింది. వేసవిలో ఖాళీ బిందెల వరసలు చూసినప్పుడల్లా ఆ వాక్యం గుర్తొచ్చేది. అంకెలు రాసి ఉంటే వాళ్లు కొంత నీళ్లయినా ఆపుకునేవారు. అప్పటినుంచి శాతాలు లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

శాతం చెప్పాక దానికి లెక్క కూడా చెప్పాలి. ఒక నోటుబుక్ పెట్టుకో. 70 శాతం అని చెప్పిన ప్రతిసారీ ఏమైందో రాసుకో. పదిసార్లలో ఏడుసార్లు జరిగితే నీ 70 నిజమైన 70. తొమ్మిదిసార్లు జరిగితే భయపడి తగ్గించి చెప్తున్నావు, నాలుగుసార్లే జరిగితే గొప్పకు పోతున్నావు. 1950లో బ్రయర్ చెప్పిన స్కోరు ఉంది చూశావా, చెప్పినదానికీ జరిగినదానికీ తేడాను వర్గం చేయడం, అదీ వేసుకో. 0.7 అన్నావు, జరిగింది, 0.09. జరగలేదు, 0.49. తక్కువైతే మంచిది. ఇది నీకోసం, పైవాళ్లకి చూపించడానికి కాదు.

తీవ్ర వాతావరణం గురించి ఒక్క జాగ్రత్త చెప్తాను. "వందేళ్లకోసారి వచ్చే వరద" అని రాయకు. వచ్చింది కదా, ఇంక వందేళ్లు నిశ్చింత అనుకుంటారు. అది ప్రతి ఏటా ఒక శాతం అవకాశం. ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. ఇల్లు కట్టుకునే మనిషికి ఈ రెండో అంకె చెప్పు. పైగా ఆ ఒక శాతం పాత రికార్డుల లెక్క. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కుండపోతకు అదే ముడిసరుకు.

చివరగా నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. సోమాలియాలో వానలు తప్పబోతున్నాయని 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వెళ్లాయి. క్షామం ప్రకటించింది 2011 జులైలో. దాదాపు 2,60,000 మంది చనిపోయారు, అందులో సగం మంది అయిదేళ్ల లోపు పిల్లలు. అంచనా తప్పలేదు. కదలిక రాలేదు. ఇంకోవైపు బంగ్లాదేశ్ చూడు. 1970 నవంబరు తుపానులో మూడు లక్షల మందికి పైగా పోయారు. తర్వాత ఊరూరా వాలంటీర్లను తయారుచేసి, మెగాఫోన్లు చేతికిచ్చి, షెల్టర్లు కట్టారు. 2007లో సిడర్ తుపాను కూడా భీకరమైనదే, మృతులు మూడు వేల చిల్లర. అదీ పెద్ద నష్టమే, కానీ తేడా చూడు.

కాబట్టి నీ బులెటిన్ ఎవరికి వెళ్తుందో వాళ్లతో సీజన్ మొదలవకముందే కూర్చో. ఏ అంకె దాటితే ఎవరు ఏ పని మొదలుపెడతారో అప్పుడే రాయించుకో. మైనస్ 1 దగ్గర ఎవరు ట్యాంకర్లు లెక్కపెడతారు, మైనస్ 1.5 దగ్గర ఎవరు పశుగ్రాసం కొంటారు, డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది, అన్నీ. కష్టం మీద పడ్డాక ఈ మాటలు మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి.

వచ్చే నెల బులెటిన్ బయటికి వెళ్లాక, అంతకుముందు నెల నువ్వు ఇచ్చిన శాతాలూ నిజంగా పడ్డ వానా ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి నాకు పంపు, కలిసి చూద్దాం. నీ పరిధిలో ఎక్కువ ఖాళీలున్న స్టేషన్ ఏదో కనుక్కుని ముందు అక్కడికి వెళ్లిరా. గేజ్ చుట్టూ నాలుగు వైపులా ఫోటోలు తియ్యి, అవి కూడా పంపు. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య