19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ సీసపు గనులు: ఏజెంట్ పనితనమంతా గుత్త రేటులోనే

అడిగిన ప్రశ్న ఇది: "1800–1835 మధ్య ఉత్తర ఇంగ్లండ్‌లో పెద్ద ఎస్టేట్ల కింద సీసపు గనులుండేవి కదా, వాటిని నడిపే ఏజెంట్ అసలేం చేసేవాడు? కూలి ఎలా కట్టేవాళ్ళు? పొలాల కౌళ్ళూ గని లెక్కలూ ఒకే మనిషి చేతిలో ఎందుకుండేవి?"

చివరి ముక్క ముందు తీసుకుందాం, మిగతావన్నీ దాన్నుంచే తెలుస్తాయి. ఖనిజం కడగడానికి వాగు నీళ్ళు కావాలి. సొరంగానికి కలప కావాలి. కొలిమికి పీట్ కావాలి. పీట్ అంటే బురద బీళ్ళలో నాచు కుళ్ళి గట్టిపడ్డ నేల, ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు. గుర్రాలకు మేత, మోతకు దారి, పనివాడికి ఒక ఇల్లు, ఒక ఆవు మేసేంత గడ్డి, ఇవీ కావాలి. వీటన్నిటి మీదా హక్కు భూస్వామిదే. గని ఒకరూ భూమి ఒకరూ చూస్తే వాగు నీళ్ళ దగ్గరే తగువు మొదలవుతుంది. పైనుంచి నీళ్ళు కట్టి ఒక్కసారిగా వదిలి కొండ మీది మట్టి కొట్టుకుపోయేలా చేసి ఖనిజ సిరను (రాతి పగులులో నిండిన ఖనిజపు పట్టీని) బయటపెట్టే పద్ధతి అప్పటికి ఇంకా ఉంది. దాని బురద కింది రైతు పొలంలోకి వస్తే నష్టపరిహారం ఎస్టేటే చూసుకోవాలి.

యాజమాన్యం తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. ఆల్‌స్టన్ మూర్ ఒకప్పుడు డెర్వెంట్‌వాటర్ ప్రభువుది. రాజు మీద 1715లో జరిగిన తిరుగుబాటులో చేరినందుకు 1716లో ఆయన తల తీశారు, ఆస్తి జప్తయింది, 1735లో అది ముసలి నావికుల కోసం పెట్టిన గ్రీనిచ్ హాస్పిటల్‌కు దక్కింది. హాస్పిటల్ తవ్వకాలు లీజుకిచ్చి, తీసిన ఖనిజంలో అయిదో వంతు తన పాలుగా తీసుకునేది. లీజుదార్లలో పెద్దది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ చేతిలో ఉన్న లండన్ లెడ్ కంపెనీ. పక్కన అలెన్‌డేల్‌లో బోమాంట్ కుటుంబానివి సొంత గనులు. వియర్‌డేల్‌లో గనుల హక్కు డర్హమ్ బిషప్‌ది, బోమాంట్లు కౌలుదార్లు. ఆ పైన స్టాన్‌హోప్ చర్చి రెక్టర్‌కు (ఆ ఊరి చర్చి పెద్దకు) ఖనిజంలో పదో వంతు వెళ్ళేది. ఆ ఒక్క హక్కు వల్లే స్టాన్‌హోప్ ఇంగ్లండ్‌లోని సంపన్న చర్చి పదవుల్లో ఒకటయింది. కాబట్టి ఏజెంట్ పుస్తకం తెరిస్తే మొదట తేలాల్సింది ఎవరి పాలు ఎంత అన్నది.

ఇక కూలి. చాలామంది రోజుకూలి అనుకుంటారు, అది తప్పు. పని గుత్తకు ఇచ్చేవాళ్ళు. మూడు నెలలకోసారి ఏజెంటూ ముఠాలూ కూర్చుని బేరం కుదుర్చుకునేవారు. నలుగురు, ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి ఒక ముఠా. గుత్త రెండు రకాలు. ఖనిజం తీసే చోట 'బింగు'కు ఇంత అని రేటు. బింగు అంటే కడిగి శుభ్రం చేసిన ఖనిజం 8 హండ్రెడ్‌వెయిట్లు, అంటే 896 పౌన్ల బరువు. వట్టి రాతిలో సొరంగం తొలిచే చోట 'ఫాదం'కు ఇంత అని రేటు. ఫాదం అంటే 6 అడుగులు. సున్నపురాయిలో ఒక రేటు, ఇసుకరాయిలో ఒకటి, పలకమట్టిలో ఒకటి. పలకమట్టి తొలచడం తేలికే గాని వెనకాలే రాతి కమాను కట్టకపోతే కూలుతుంది, ఆ కట్టుబడి ఖర్చు వేరు.

మూడు నెలల బేరానికి డబ్బు చేతికొచ్చేది మామూలుగా ఏడాదికోసారి. ఈలోపు తిండి గడవడానికి నెలకు మనిషికి 30–40 షిల్లింగుల దాకా బదులు ఇచ్చేవారు. ఏడాది లెక్కలో అదంతా మినహాయించుకునేవారు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను వేసుకున్నవే, తీరు మాత్రం అసలుదే. నలుగురి ముఠా, బింగుకు 30 షిల్లింగులు. మూడు నెలల్లో 30 బింగులు తీశారు: 45 పౌన్ల డబ్బు (పౌనుకు 20 షిల్లింగులు). కొవ్వొత్తులు, తుపాకిమందు, ఉలులకు పదును, కడుగుడు కూలి, ఇవన్నీ ముఠా ఖాతాలోనే, 15 పౌన్లనుకోండి. మిగిలింది 30. ముందే తిన్న బదులు నలుగురికి మూడు నెలలకు నెలకు 30 షిల్లింగుల చొప్పున 18. చేతికి 12 పౌన్లు, మనిషికి 3. అదే సిర సన్నబడి 10 బింగులే వస్తే ఆదాయం 15, ఖర్చు 10, మిగిలింది 5, తిన్న బదులు 18. ముఠా 13 పౌన్లు బాకీ. ఆ బాకీ తరవాతి బేరం మీదికెక్కుతుంది. పుస్తకంలో రెండు మూడు బేరాలు వరసగా బాకీ కనిపిస్తే, తప్పు ముఠాది కాదు, రేటు కట్టినవాడిది.

రేటు కట్టడానికి ఏజెంట్ లోపలికి వెళ్ళి తవ్వే ముఖం చూడాలి. సిర ఎంత వెడల్పు, అందులో గెలీనా (సీసపు ఖనిజం) ఎంత, పక్కరాయి ఎంత గట్టిది, నీళ్ళు ఎంత దిగుతున్నాయి, ఖనిజం బయటికి ఎంత దూరం తోలాలి. ఇక్కడే ఇద్దరి తెలివీ పోటీ పడేది. మంచి ఖనిజం బయటపడ్డ చోట ముఠా దాన్ని రాళ్ళతో, మట్టితో కప్పి, ముఖం పేదగా ఉందని చూపించి ఎక్కువ రేటు రాబట్టుకునేది. అందుకే ఏజెంట్ బేరం ముందురోజు ఒక్కసారి వెళ్ళి చూస్తే చాలదు, నెలనెలా చూసి కొలత గోడ మీద గీసి పెట్టుకోవాలి. రేటు మరీ తగ్గిస్తే ఇంకో నష్టం: ముఠా సిరలో కండ ఉన్నంతవరకే తీసి, సన్న భాగాన్ని వెనకే వదిలేసి దారి మూసేస్తుంది. ఆ వదిలినదాన్ని మళ్ళీ తీయాలంటే రెట్టింపు ఖర్చు. నా దృష్టిలో గట్టి ఏజెంట్ అంటే రేటు తగ్గించినవాడు కాదు. ముఠా మూడు నెలలూ నిలకడగా పనిచేసేలా రేటు కట్టినవాడు.

బయటికొచ్చాక ప్రతి ముఠా ఖనిజాన్నీ వేరువేరు రాతి గదుల్లో పోసేవారు. కలిశాయా, తగువు తెగదు. తరవాత పని ఎక్కువగా కుర్రాళ్ళది. పెద్ద ముక్కలు చేత్తో ఏరడం, మిగతావి బల్లపరుపు సుత్తితో నలగ్గొట్టడం. 1796 ప్రాంతం నుంచి నీటిచక్రంతో తిరిగే రోలర్లు ఆ నలగ్గొట్టే పనిని తీసుకున్నాయి. నలిగినదాన్ని నీళ్ళ తొట్టిలో జల్లెడ పెట్టి పైకీ కిందికీ కుదుపుతారు. చాటలో చెరిగితే తాలు పైకి తేలినట్టే ఇక్కడా: నీళ్ళకు గెలీనా ఏడున్నర రెట్ల బరువు, దానితో కలిసొచ్చే పనికిరాని రాళ్ళలో క్వార్ట్జ్ రెండున్నర పైచిలుకు, ఫ్లోర్‌స్పార్ మూడుంపావు లోపు. కాబట్టి గెలీనా అడుగుకు చేరుతుంది, పై పొరలు గీకి పారేస్తారు. మన పల్నాడులో అగ్నిగుండాల, బండ్లమోటు వైపు గెలీనా ముక్క చేతిలో పట్టుకున్నవాళ్ళకు ఈ తేడా చెప్పనక్కర్లేదు, పిడికెడు ముక్కే అరచేతిని కిందికి లాగుతుంది. బెడద బెరైటిస్ అనే ఇంకో రాయితో. దాని బరువు నాలుగున్నర రెట్లు, అంత సులువుగా విడిపోదు, కొలిమిలోకి వెళ్ళి సతాయిస్తుంది. ఇంకో బెడద మెత్తని బురద. నలగ్గొట్టడం ఎక్కువైతే గెలీనా పొడై నీళ్ళతో కొట్టుకుపోతుంది. అందుకే ఏజెంట్ కడుగుడు గచ్చు కింది వాగులోంచి చారెడు బురద తీసి చూడాలి. తళుకు కనిపిస్తే డబ్బు ఏట్లో పోతున్నట్టే.

చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి కడుగుడు ఆగిపోయేది. నవంబరులో తీసిన ఖనిజానికి వేసవిలోగాని బరువు తేలదు. లెక్క ఏడాదికోసారి తేల్చడానికి ఇదొక కారణం.

తూకం మూడు చోట్ల: కడుగుడు గచ్చు దగ్గర, కొలిమి ఇంటికి చేరినప్పుడు, సీసం కడ్డీలయ్యాక. ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే దొంగతనమూ, నిర్లక్ష్యమూ, పొగలో పోయినదీ విడివిడిగా కనిపిస్తాయి. మొదటి రెంటికీ తేడా వస్తే ముందు తడి చూడాలి. తడి ఖనిజం నీళ్ళ బరువుతో తూగుతుంది. ప్రతి లోడు నుంచీ కొంచెం తీసి, తూచి, ఎండబెట్టి మళ్ళీ తూచి తగ్గింపు రాయాలి. స్వచ్ఛమైన గెలీనాలో సీసం 86.6 శాతం. కొలిమిలో మూడింట రెండు పాళ్ళు దిగినా 4 బింగులకు (32 హండ్రెడ్‌వెయిట్లు) ఒక న్యూకాసిల్ 'ఫోదర్', అంటే 21 హండ్రెడ్‌వెయిట్ల సీసం వస్తుంది. ఇక్కడ జాగ్రత్త: లండన్ ఫోదర్ 19.5 హండ్రెడ్‌వెయిట్లే. ఒప్పందంలో ఏ ఊరి ఫోదరో రాయకపోతే నూటికి ఏడు పాళ్ళ తేడా పడుతుంది.

ఉత్తరాన వాడిన ఓర్ హార్త్ చిన్న కొలిమి, నీటిచక్రంతో తిత్తులు ఊదుతాయి. పీట్, కొంచెం బొగ్గు వేసి, ఖనిజాన్ని కొద్దికొద్దిగా చల్లుతారు. సగం కరిగిన ముద్దను ఇనపగడ్డపారతో ముందున్న వాలుపలక మీదికి లాగి, బూడిదరంగు చిట్టెం ఏరి, మిగతాది మళ్ళీ లోపలికి తోస్తారు. సీసం పలక గాడి వెంట కుండలోకి జారుతుంది. వేడి ఎక్కువైతే ముద్ద పలచబడి సీసమూ చిట్టెమూ విడిపోవు, అప్పుడు సున్నం చల్లి గట్టిపరుస్తారు. ఏరిన చిట్టెంలో ఇంకా సీసముంటుంది, దాన్ని కోక్‌తో మండే వేరే కొలిమిలో కరిగిస్తారు.

పొగలో పోయే సీసం చిన్న నష్టమేమీ కాదు. అందుకే కొండవాలు మీద పొగగూడు పడుకోబెట్టి పొడవుగా కట్టారు. లోపల పేరుకున్న మసిని అప్పుడప్పుడు గీకి, కడిగి, మళ్ళీ కరిగించేవారు. అలెన్‌డేల్‌లో ఈ గూళ్ళు తరవాతి కాలంలో మైళ్ళ పొడవుకు పెరిగాయి. డబ్బు సంగతి ఒకటైతే, ఎస్టేట్ సంగతి ఇంకొకటి. కొలిమి చుట్టుపక్కల గడ్డి మేసిన పశువులు సీసపు విషానికి చచ్చేవి. మధ్య ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఆ జబ్బుకు 'బెల్లండ్' అని పేరే ఉంది. అలాంటి నేలకు పాత కౌలు అడిగితే రైతు వదిలేసి వెళతాడు. కౌలు తగ్గించడమో, ఆ నేలను గని ఖాతాలోకి తీసుకోవడమో చేయాలి.

వెండి సంగతి క్లుప్తంగా: సీసంలో ఉన్న వెండిని తీయాలంటే ఎముకల బూడిద మూసలో సీసాన్నంతా ఆక్సైడు చేసి, మళ్ళీ సీసంగా మార్చుకోవాలి. వెండి తక్కువున్న సీసానికి ఆ ఖర్చు గిట్టదు. 1833లో హ్యూ లీ పాటిన్సన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి దీన్ని మార్చింది. కరిగిన సీసం మెల్లగా చల్లారేటప్పుడు ముందు గడ్డకట్టే స్ఫటికాల్లో వెండి తక్కువ. చిల్లుల గరిటెతో వాటిని ఒక పక్క కుండలోకి, మిగిలిన ద్రవాన్ని ఇంకో పక్కకు, ఇలా వరసగా చేస్తూపోతే వెండి ఒకవైపు చేరుతుంది. టన్నుకు మూడు ఔన్సులున్నా గిట్టుబాటయింది.

ఇదంతా ధర ముందు నిలవాలి. 1809 ప్రాంతంలో ఫోదర్ 30 పౌన్లు దాటింది. స్పెయిన్‌లో సియెర్రా డి గాదోర్ నుంచి చౌక సీసం ముంచెత్తాక, 1830ల మొదట్లో 13 పౌన్ల దగ్గరికి పడింది. బింగు లెక్కన చూడండి: 30 పౌన్ల ధరకు బింగులోని సీసం విలువ దాదాపు ఏడున్నర పౌన్లు. భూస్వామి అయిదో వంతు, ముఠా 30 షిల్లింగులు తీసేస్తే నాలుగున్నర మిగులుతుంది. 13 పౌన్లకు బింగు విలువ 3 పౌన్ల 5 షిల్లింగులు. అవే తీసేస్తే మిగిలేది 1 పౌను 2 షిల్లింగులు. అందులోంచే కొలిమి ఖర్చు, గుర్రాల మీద మోత, నీళ్ళు తోడడం, జీతాలు, కొత్త సొరంగాలు. ఏ ఏజెంటైనా మొదట కోసేది సొరంగాల ఖర్చే. అది అయిదారేళ్ళ తరవాతి ఖనిజాన్ని కోసుకోవడమే. అయితే సొరంగమూ గ్యారంటీ కాదు. ఇంజనీరు స్మీటన్ కాలంలో 1776లో మొదలైన నెంట్ ఫోర్స్ లెవెల్ అనే సొరంగం దాదాపు అయిదు మైళ్ళు సాగింది, 80 వేల పౌన్లకు పైగా మింగింది, చెప్పుకోదగ్గ ఖనిజం తగల్లేదు.

ధర పడ్డప్పుడు జనాన్ని నిలబెట్టుకోవడం ఎస్టేట్ వైపు నుంచే సాధ్యం. గనివాడికి కొన్ని ఎకరాల గడ్డినేల, ఒక ఆవు ఉంటే కూలి తగ్గిన ఏడాది కూడా లోయ వదిలిపోడు. కరువు కాలంలో లండన్ లెడ్ కంపెనీ ధాన్యం టోకున కొని పనివాళ్ళకు అందించింది. 1820లలో నెంట్‌హెడ్‌లో ఇళ్ళతో ఊరే కట్టింది. ఈ చూపు లేనిచోట ఏమవుతుందో 1818 డిసెంబరులో స్టాన్‌హోప్‌లో తేలింది. బిషప్ బీళ్ళ మీద గ్రౌస్ పిట్టలను వేటాడారని గనివాళ్ళను పట్టుకుంటే, తోటివాళ్ళు వచ్చి బిషప్ మనుషులను కొట్టి విడిపించుకుపోయారు.

డెర్బీషైర్‌కు ఈ జవాబంతా అతికించకండి, అక్కడ అప్పటి చట్టమే వేరు. రాజు హక్కున్న నేలలో ఎవరైనా సిర కనిపెడితే, ఇళ్ళు, తోటలు, శ్మశానాలు, రహదారులు తప్ప, భూస్వామిని అడక్కుండానే తవ్వుకునేవాడు. ఖనిజాన్ని కుంచంలాంటి 'డిష్'తో కొలిచేవారు. వర్క్స్‌వర్త్‌లో 1513 నాటి కంచు డిష్ సుమారు 14 పైంట్లు పడుతుంది. 13 డిష్‌లకు ఒకటి రాచపాలు. తవ్వడం మానేస్తే బార్‌మాస్టర్ (అక్కడి గనుల చట్టం చూసే అధికారి) వచ్చి గని మీది చెక్క గిలకకు మూడు వారాలు వారానికో గాటు పెట్టేవాడు, ఆ తరవాత హక్కు అడిగినవాడిది. రెండు గనుల సిరలు లోపల కలిస్తే మాత్రం ఏ పుస్తకమూ ఆపలేదు. షెల్డన్ దగ్గర మాగ్‌పై గనివాళ్ళకూ పక్క గనివాళ్ళకూ అలాంటి తగువే నడిచి, 1833లో భూమి లోపల పెట్టిన మంటల పొగకు అవతలి ముఠావాళ్ళు ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. మరుసటి ఏడాది డెర్బీ కోర్టులో నిందితులంతా విడుదలయ్యారు.